చింతపండు నల్లబడకుండ నిలువచేయుట

శివరాత్రి దాటి చలి వెనుకపట్టగానే మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములందలి పల్లెలలో ఇంటి ముంగిళ్లన్నియు చింతపండుతో నిండిపోవును. చెట్టెక్కి కొమ్మలు దులుపువారు కొందఱు, రాలిన కాయలను గోతములకెత్తువారు కొందఱు, అరుగులపై కూర్చుండి పెంకులు కొట్టి, ఈనెలు లాగి, గింజలు వేఱుచేయు స్త్రీలు మఱికొందఱు. ఆ దినములలో మా తరగతులయందు హాజరు కొంత తగ్గుచుండును. వచ్చిన పిల్లల వ్రేళ్లు సయితము గోధుమవన్నె పట్టియుండును. ఈ పంట ఎన్ని యిండ్ల పొయ్యి వెలిగించుచున్నదో ఉపాధ్యాయులమగు మాకు ఆ వ్రేళ్లే తెలుపును.

ఈ పల్లెలలో తఱచుగా కనబడు వింత యొకటి కలదు. ఒకే గట్టుమీది చెట్టు కాయలను ఇద్దఱన్నదమ్ములు సమముగా పంచుకొందురు. ఒకరి యింటి పండు దసరా పండుగ వఱకును తేనెరంగుతో, మంచి వాసనతో నిలిచియుండును. రెండవవారి పండు ఆషాఢమాసమునాటికే బొగ్గువలె నల్లబడి, చేతికంటుకొను ముద్దయగును. చెట్టొకటి, నేల యొకటి, ఎండయు నొకటియే. అట్లయినచో ఈ భేద మెక్కడ పుట్టినది? చేతివాసి యని కొందఱందురు. చేతివాసి యనుట తప్పుగాదు గాని ఆ చేయి చేసిన పని యేమో తెలిసికొనకుండ ఆ మాటతో తృప్తిపడుట విద్యార్థికి తగదు. చెట్టు దిగిన మొదటి పదిదినములలో పండునకు జరిగిన సంరక్షణయే దాని తరువాతి యేడాదిని నిర్ణయించునని మా యభిప్రాయము. దానికి గల కారణములను ఈ వ్యాసమున వివరింప యత్నింతుము.

హిందూపురపు వ్యవసాయ మార్కెట్టు చింతపండునకు పేరుపొందినది. ఈ మూడు పట్టణముల చుట్టుపట్ల పల్లెలనుండియే గాక పొరుగుననున్న కర్ణాటక గ్రామములనుండియు సరకు అచ్చటికి వచ్చును. అచ్చట కరిపులి యనియు, ఫ్లవర్ అనియు రకముల పేర్లతో ధర పలుకుదురు. వానిలో కరిపులికి వెల హెచ్చు. ఏ రకమైనను కొనువాడు మొదట చూచునది రంగు. తరువాత చేతబట్టి పిండి తడి యెంతయో చూచును. ఆ పిమ్మటనే గింజ, ఈనె, ఇసుక సంగతి. కావున రంగు చెడుట యనగా రైతునకు సొమ్ము చెడుటయే. 2022వ సంవత్సరమున అనంతపురము జిల్లానుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాగా ఏర్పడిన ఈ సీమ వానలకు పేరుపడినది కాదు. వేరుసెనగ యెండిపోయిన యేటగూడ పొలముగట్టు మీది చింతచెట్టు ఏదో కొంత కాయక మానదు. అట్టి యేట ఆ నాలుగు చెట్ల పండే పిల్లల పుస్తకములకును, బట్టలకును ఆధారమగును. దానిని నల్లబఱచుకొని సగము వెలకు ఇచ్చివేయుట చిన్న నష్టము కాదు.

ఇక పండు స్వభావమును గూర్చి. మామిడి, అరటి మున్నగు పండ్లు కోసిన తరువాతను జీవముతో నుండి, ఊపిరి పీల్చుచు, తమలో పుట్టు ఎథిలీను అను వాయువు ప్రేరణచే మాగును. బెంగళూరు అంగళ్లలో బటర్ ఫ్రూట్ అను పేర అమ్ముడగు అవకాడో మఱియు విచిత్రమైనది. అది చెట్టుమీద ఉన్నంతవఱకు మెత్తబడదు, కోసిన పిదపనే మాగును. అట్టి పండ్లను నిలువచేయువారు మాగుడును మందగింపజేయవలెను. చలి మితిమీరినచో అవకాడో లోపలి గుజ్జు నల్లబారును గనుక చలి విషయమునను జాగ్రత్త పడవలెను. చింతపండు వీనివంటిది కాదు. అది చెట్టుననే పండి, చెట్టుననే సగమెండి, పెంకునకు గుజ్జునకు నడుమ ఎడము విడిచిన తరువాత మనకు దక్కును. కోసిన పిమ్మట అది మాగదు. పచ్చిది కోసి గడ్డిలో కప్పిపెట్టినంతమాత్రమున పండు కాదు. కనుక చింతపండు నిలువ యనగా ప్రాణమున్న ఫలమును కాపాడుట కాదు. ఉప్పు, పప్పు, బెల్లము వంటి వెచ్చమును కాపాడుట వంటిది. వీనిలో బెల్లముతో దానికి పోలిక యెక్కువ.

ఆ పోలిక యేమన, చింతగుజ్జునందు నూటికి సుమారు 8 మొదలు 18 పాళ్లు టార్టారికామ్లమును, 25 మొదలు 45 పాళ్లు చక్కెరలును ఉండును. అంత తీపి యుండియు పులుపే మన నాలుకకు తెలియుట ఆ యామ్లపు బలమువలననే. అరబ్బులు దీనిని తమర్ హిందీ, అనగా హిందూదేశపు ఖర్జూరమని పిలిచిరి. అందుండియే ఐరోపా భాషలకు టామరిండ్ అను పేరు పోయినది. వృక్షశాస్త్రజ్ఞులు మాత్రము ఈ చెట్టు పుట్టినిల్లు ఆఫ్రికా ఖండమని చెప్పుదురు. మనకు తాతముత్తాతల నాటినుండియు సొంతమైన చెట్టు ఇట్లు పరదేశమునుండి వచ్చినదనుట మొదటిసారి విన్న పిల్లలు నమ్మరు.

ఆ చక్కెరలే రంగు చెడుటకు మూలము. చక్కెరలును, గుజ్జునందు స్వల్పముగానున్న మాంసకృత్తుల యంశములును కలిసి మెల్లమెల్లగా గోధుమవర్ణపు పదార్థములను పుట్టించును. రొట్టె కాలునప్పుడు పైపొర యెఱ్ఱబడుటయు, దాచిన బెల్లము ముదురురంగు తిరుగుటయు ఈ జాతి మార్పులే. పొయ్యిమీద నిమిషములలో జరుగునది గోతములో నెలల తరబడి జరుగుచుండును. దీనికితోడు గుజ్జులోని వగరు పదార్థములు గాలి తగిలి నల్లనగుచుండును. కోసిన వంకాయముక్క నల్లబడుట ఎల్లరు ఎఱిగినదే కదా.

ఈ మార్పులను తొందరపెట్టునవి మూడు: వేడి, తడి, గాలి. రసాయనిక క్రియల వేగము 10 డిగ్రీల సెంటిగ్రేడు వేడి హెచ్చినపుడెల్ల సుమారు రెండింతలగునని మా పైతరగతులవారు చదివియున్నారు. ధర్మవరపు వేసవిలో రేకుల కప్పు క్రింది గదిలో 40 డిగ్రీల వేడి సామాన్యము. ఆ పండును 10 డిగ్రీల చోటనుంచినచో మూడుమెట్లు దిగినట్లగును. అనగా నల్లబడు వేగము ఎనిమిదవ వంతునకు తగ్గవలెను. ఇది లెక్క మాత్రమే. పండు మన లెక్క ప్రకారమే నడచునని చెప్పజాలము గాని, దారి యెటున్నదో దీనివలన తెలియుచున్నది. తడి సంగతి మఱియు ముఖ్యము. చింతపండులోని చక్కెరలు గాలిలోని తేమను లాగుకొనును. మార్చి, ఏప్రిల్ మాసములలో మన గాలి పొడిగానుండును గనుక ఆ గుణము బయటపడదు. జూన్ మొదలు అక్టోబరు వఱకు ముసురు పట్టినపుడెల్ల కప్పులేని పండు చెమర్చి, జిగటయై, పైన తెల్లని బూజు పట్టును. పులుపు హెచ్చగుటచేత సామాన్య సూక్ష్మజీవులు దానియందు బ్రతుకజాలవు. బూజులకు మాత్రము ఆ పులుపు అడ్డుకాదు. థాయిలాండు దేశపు పెచ్చబూను సీమయందు పండు తీపిచింతలో పులుపు తక్కువ. దానిని పెంకుతోనే అమ్ముదురు గాన బూజు బాధ వారికి మనకంటె నెక్కువ.

ఇప్పుడు మొదటి పదిదినముల మాటకు వత్తము. కాయను కొట్టి చూచినపుడు డొల్లశబ్దము రావలెను. లోని గుజ్జు పెంకును విడిచినదనుటకు అది గుఱుతు. గుత్తదారు తొందరచే చెట్టంతయు ఒకేమాఱు గడలతో బాదించినయెడల పండినవానితో దోరకాయలును రాలును. వాని గుజ్జు పచ్చిగానుండి తడి విడువదు. ఒక్క గోతములో అట్టివి పిడికెడు చేఱినను చుట్టునున్న మంచిపండునకు ఆ తడి పంచిపెట్టును. కావున ఏఱుట మొదటి పని. రాలినవానిని నేలమీద రాత్రి విడువరాదు. తెల్లవాఱుజామున మంచు పడును, మట్టియు అంటును. చెట్టుక్రింద పట్టలు పఱచుట చాల మేలు. పెంకుతోనే రెండు మూడు దినములు ఎండనిచ్చి, పెంకు పెళుసైన పిదప కొట్టవలెను. గింజ తీసిన గుజ్జును మఱల ఒకటి రెండు దినములు పలుచగా ఆఱబెట్టవలెను. అంతకుమించి మండుటెండలో పడవేసినచో ఎండయే వేడియై రంగు చెఱచును. సాయంకాలపు టెండ, నీడగాలి ఉత్తమములు.

కొట్టు పనిముట్టును గూర్చి ఒక మాట. చాలచోట్ల ఇనుపసుత్తి వాడుదురు. పూర్వము కరక్కాయ రసమునందు అన్నభేది కలిపి సిరా చేసెడివారు. కరక్కాయలోని వగరును, అన్నభేదిలోని ఇనుమును కలిసిన నలుపే ఆ సిరా. చింతపండునందు వగరును గలదు, ఇనుమును కరగించు పులుపును గలదు. ఇనుపదెబ్బ తగిలిన చోటునెల్ల అది సిరాబుడ్డివలె పనిచేయును. కొయ్యసుత్తియు, కొయ్యపీటయు వాడినచో ఈ బాధ లేదు. ఇందుకు కానీ ఖర్చులేదు. అయినను దీనిని లక్ష్యపెట్టువారు మిక్కిలి తక్కువ.

గింజలు తీయుట శుభ్రతకొఱకు మాత్రమే యనుకొనుట సరికాదు. చింతపండును పాడుచేయు పెంకుపురుగు పెంకుపై గ్రుడ్డు పెట్టును. పిల్లపురుగు లోనికి తొలుచుకొని పోయి గింజను తిని పెరిగి, గుండ్రని రంధ్రము చేసి వెడలి వచ్చును. వేసవి వెచ్చదనములో ఒక తరము ముగియుటకు సుమారు ఆఱు వారములు చాలును. దానికి గుజ్జు ఆహారము కాదు, గింజయే కావలెను. గింజ తీసివేసిన యింటిలో దానికి కూడు లేదు. మన సీమ రైతు ప్రత్యేకముగా గమనింపవలసినది మఱొకటి కలదు: వేరుసెనగ కాయలను నిలువలో తొలుచు పురుగును ఇదియే. చింతకాయలను, విత్తనపు వేరుసెనగను ఒకే గదిలో కుప్పవోసినవారు ఒకదాని పురుగును రెండవదానికి అప్పగించుచున్నారు. మన యిండ్లలో గది యొక్కటే యుండుట ఎఱుగుదుము. అట్లయినను ముందు చింతగింజలను బయటికి సాగనంపి, గది యూడ్చి, ఆ పిమ్మట విత్తనమును చేర్పవచ్చును. గింజలు వ్యర్థములు కావు. వాని పప్పునందు గంజివలె చిక్కబడు పదార్థము నూటికి నలువది పాళ్లకు పైగా కలదని 1942వ సంవత్సర ప్రాంతమున మన దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించినది మొదలు ఆ పొడిని నూలుమిల్లులలో పడుగునకు గంజిగా వాడసాగిరి.

ఇక ఇంటివాడుకకు దాచు పద్ధతి. మన యవ్వలు పండును ఉప్పు చల్లి, జాడీలో పొరలుపొరలుగా అదిమి, పైన వాసెనగట్టి, అటకపై నుంచిరి. ఇందు ప్రతిదానికిని కారణము కలదు. అదుముటచేత గాలి వెడలిపోవును. ఉప్పు పండులోని తడిని తాను పట్టుకొని బూజునకు అందనీయదు. జాడీ వెలుతురును, తేమను అడ్డును. అయితే కల్లుప్పే తేమను పీల్చి వానకాలమున నీరుకారుట అందఱు చూచినదే. కావున ఉప్పును బాగుగ ఎండబెట్టియో, పెనముపై వేయించి చల్లార్చియో చల్లవలెను. పండు పదిపాళ్లకు ఉప్పు ఒక పాలు చాలును. తీయునపుడు తడిచేయి పెట్టరాదు. ఇత్తడి, రాగి పాత్రలలో, అందును కళాయి లేనివానిలో, చింతపండును ఎన్నడును ఉంచరాదు. పులుపు ఆ లోహమును కరగించి పచ్చని చిలుమును పుట్టించును. అది విషము. ఇదే పులుపుతో మన తల్లులు ఇత్తడిబిందెలు తోమి తళతళలాడించుట చూచుచునే యుందుము గదా. బిందెను మెఱపించునది బిందెనే తినుచున్నదని పిల్లలు గ్రహింపవలెను.

అమ్మకపు సరకునకు జాడీలు చాలవు. అందుకై హిందూపురము పరిసరములందు శీతల గిడ్డంగులు వెలసినవి. అచ్చట అమోనియా వాయువును యంత్రముచే నొక్కి ద్రవముగా మార్చి, మఱల ఆవిరికానిచ్చి, ఆ యావిరియగునపుడు అది గదిలోని వేడిని హరించునట్లు చేయుదురు. చింతపండునకు సుమారు 4 మొదలు 10 డిగ్రీల చలి పెట్టుదురు. అందు పురుగు పెరుగదు, బూజు సాగదు, రంగు మెల్లగా తప్ప మాఱదు. కాని ఈ గిడ్డంగినుండి వెలుపలికి తెచ్చునపుడు ఒక ప్రమాదము కలదు. మంచినీటి గ్లాసులో మంచుగడ్డ వేసినపుడు వెలుపల నీటిబొట్లు నిలుచునట్లు, చల్లని పండుపై బయటి గాలిలోని తేమ చెమటవలె చేఱును. గోతమును వెంటనే విప్పినచో ఆ చెమటంతయు గుజ్జు త్రాగును. నీరు చొరని సంచిలో బిగించి, ఒకదినము మూతితోనే నీడనుంచి, బయటి వేడికి వచ్చిన తరువాత విప్పుట మేలు. గిడ్డంగిలో ఆఱు నెలలు భద్రముగానున్న సరకు అంగడిలో మూడు దినములలో నల్లబడుటకు తఱచుగా ఇదియే కారణము.

ఇంతకంటె పెద్దమాట యొకటి. చలి ఉన్నదానిని నిలుపును గాని లేనిదానిని తేలేదు. దోరకాయలు కలిసి, ఇసుక యంటి, తడితో లోనికి పోయిన పండు తడితోను ఇసుకతోను వెలుపలికి వచ్చును, పైగా అద్దె భారము. కొందఱు తూకము పెరుగునని పండుపై నీరు చల్లుదురు. నిగనిగలాడుటకై నూనె పూయువారును కలరు. నీరు చల్లినవాడు ఆ దినము కొన్ని రూకలు గడించి, కొన్నవాని నెలలకొలది ఓపికను పాడుచేయుచున్నాడు. కొనువాడును మూఢుడు కాడు. ఒకసారి మోసపోయిన పిదప ఆ యూరి పండునంతటిని చేత పిండి చూచి, నిజాయితీగల రైతు సరకునకును ధర తగ్గించును.

గిడ్డంగులవలన ఎవరికి లాభమను ప్రశ్నను మా పైతరగతి విద్యార్థులు అడుగుచుందురు. అది సరియైన ప్రశ్న. పంట వచ్చు రెండు నెలలలో సరకు ముంచుకొని వచ్చి ధర పడిపోవును. పండు లేని నెలలలో ధర లేచును. ఆ లేచిన ధర వేచియుండగలవానిది. అప్పు వాకిటనున్న చిన్నరైతు వేచియుండలేడు. కూలికి పెంకు కొట్టు స్త్రీకి ఆ లాభముతో సంబంధమే లేదు. గిడ్డంగిలో దాచిన సరకు రసీదును కుదువబెట్టి బ్యాంకులో అప్పు తీసికొనుటకు వీలుగా 2007వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము శాసనము చేసినది. నమోదైన గిడ్డంగియా కాదా, రసీదు అట్టిదియా కాదా యని చదువుకొన్న కుమారుడో కుమార్తెయో తండ్రితోకూడ పోయి విచారించుట మంచిది. పదిమంది రైతులు కలసి ఒక్క రకముగా ఏఱి, ఎండబెట్టి, కలిపి దాచినచో అద్దెయు పంచుకొనవచ్చును. మా దృష్టిలో యంత్రముకంటె ఈ కూడుదలయే కష్టమైనది.

చెట్టు నాటదలచినవారికి అనంతపురము చెంత రేకులకుంటయందలి ఉద్యానవన పరిశోధన స్థానమువారు అనంత రుధిర అను ఎఱ్ఱగుజ్జు రకమును, తెట్టు అమలిక అను మఱియొక రకమును వెలువరించియున్నారు. అంటుచెట్లు గింజచెట్లకంటె త్వరగా కాపునకు వచ్చును. పేరుకు తగ్గట్లు ఎఱ్ఱనైనది గాన ఆ మొదటిదాని వెల రంగుమీదనే ఆధారపడియుండును. పైన చెప్పిన జాగ్రత్తలు దానికి మఱింత అవసరము.

విద్యార్థులు ఇంటివద్ద సులభముగా చేసి చూడదగిన పరీక్ష యొకటి చెప్పెదము. ఒకే చెట్టు పండును నాలుగు పాళ్లు చేసి నాలుగు గాజుసీసాలలో నుంచవలెను. మొదటిదానిని మూతలేక కిటికీచెంతను, రెండవదానిని గట్టి మూతతో అదే కిటికీచెంతను ఉంచవలెను. మూడవదానిలో వేయించిన ఉప్పు కలిపి, మూత బిగించి, నల్లగుడ్డ చుట్టి, ఇంటిలో మిక్కిలి చల్లనిచోట ఉంచవలెను. నాలుగవదానిలో నాలుగు నీటిచుక్కలు చల్లి మూత పెట్టవలెను. ప్రతి నెల మొదటి ఆదివారము తెల్లకాగితము వెనుకనుంచి రంగు చూచి పుస్తకమున వ్రాసికొనవలెను. ఏప్రిల్‌లో మొదలిడినచో సెప్టెంబరు పరీక్షల నాటికి నాలుగు సీసాలును నాలుగు రంగులు చూపును. నాలుగవ సీసాలో బూజు కనబడినచో దానిని తినక పాఱవేయవలెను. రంగు మాత్రమే నల్లబడి, బూజుగాని చెడువాసనగాని లేని పండును పాఱవేయ నక్కఱలేదు. దాని పులుపు ఎచ్చటికిని పోలేదు. పాత చింతపండు మేలని రసమునకు దానినే కోరు పెద్దలు మన యిండ్లలో ఇప్పటికిని కలరు.